ఆటకి సరే, పాటకి కాదు: విజయనగరం ఇండోర్ స్టేడియంలో

శ్రీకాకుళం నుంచి విజయనగరానికి రైలుంది కదా అంటారు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడిదాకా వెళ్లి రైలు కోసం కాచుకునే బదులు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కడమే నయం.

మా అమ్మాయికి బ్యాడ్మింటన్ పోటీలు. హాల్లో అడుగు పెట్టగానే ఉక్క, ఒక్క ఫ్యానూ తిరగట్లేదు. గ్యాలరీలో ఒకాయన గట్టిగా అడిగితే అటెండరు, "ఫ్యాన్ వేస్తే షటిల్ పక్కకి కొట్టుకుపోద్ది బాబూ, గేమ్ అయ్యాక వేస్తాను" అన్నాడు. నిజమే. పదహారు ఈకలున్న షటిల్ బరువు 5 గ్రాములు అటూ ఇటూ, అంతే. ఏ మూల నుంచి గాలి వీచినా లైను దాటేస్తుంది.

ఆడేవాళ్లకి మాత్రం వంక పెట్టడానికి లేదు. మ్యాట్ జారదు, కప్పు బాగా ఎత్తు. లైట్లు కోర్టుకి పక్కలనే బిగించారు కాబట్టి తలెత్తి చూసినా కళ్లు చెదరవు. చూసేవాళ్లకే తిప్పలు. కూర్చునేది సిమెంటు మెట్ల మీద, తువ్వాలు తెచ్చుకోండి. ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గదికి గడియ లేదు. తల్లులం వంతులేసుకుని తలుపు పట్టుకున్నాం. ఇన్ని లక్షలు పోసి కట్టినవాళ్లకి ఒక్క గడియ బరువైందా?

సాయంత్రం మ్యాట్లు చుట్టేసి అక్కడే వేదిక వేశారు. తప్పెటగుళ్లు అదరగొట్టారు! గుండెల మీది తప్పెట మోత రేకులకి తగిలి రెట్టింపై వచ్చింది, పిల్లలు మెట్ల మీదే గెంతారు. ఆ తర్వాత వీణ. ఒక స్వరం ఆగకముందే దాని ముందుది గోడకి కొట్టుకుని వచ్చి మీద పడుతోంది. మైకు సౌండు పెంచినకొద్దీ గందరగోళం పెరిగింది. బొబ్బిలి వీణ పుట్టిన జిల్లా, 1919లోనే సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుని ప్రిన్సిపాల్‌ని చేసిన ఊరు! కచేరీకి ఆనందగజపతి ఆడిటోరియం ఉండగా ఇక్కడెందుకు పెట్టారో. జానపదం, కోలాటం అయితే వెళ్లండి, వీణా వయొలినూ అయితే ఈ హాలు వద్దు.

బస దగ్గర పెద్దగా చెప్పడానికేం లేదు. బస్సులకి దగ్గరని కాంప్లెక్స్ పక్క లాడ్జిలో దిగాం. గది శుభ్రం, వేడినీళ్లు వచ్చాయి, హారన్లు మాత్రం తెల్లవార్లూ ఆగలేదు. పొద్దున్నే మ్యాచ్ ఉన్న పిల్లలతో వెళ్తే రోడ్డు వైపు కాకుండా వెనక గది అడిగి తీసుకోండి.