మజ్జిగ కుండా, పిల్లల క్యాంపా, క్రికెట్ షీల్డా: ఏది మేలు?

శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే రోడ్డు పక్క సందులో మాది 42 ఇళ్ళ కాలనీ. సంఘానికి కోశాధికారిని నేను. మాట పెద్దదే గానీ, పనల్లా ఇంటింటికీ తిరిగి చందా అడగడం, "మళ్ళీ రండి మాస్టారూ" అనిపించుకోవడం. ఈ ఏడు ఇంటికి 300 అనుకుంటే 37 ఇళ్ళు ఇచ్చాయి. చేతిలో ఉన్నది 11,100. దీంతో వేసవిలో ఏం చేయాలన్నది ఏటా ఉన్న తగువే. పెద్దవాళ్ళు చలివేంద్రం అంటారు, తల్లులు పిల్లలకి క్యాంపు పెట్టమంటారు, కుర్రాళ్ళకి టోర్నమెంటు కావాలి. మూడూ తలా కాస్త చేద్దాం అనే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన మాట వింటే మూడూ చెడతాయి. గడచిన మూడు వేసవుల్లో ఏడాదికొకటి చొప్పున అన్నీ చేసి చూశాం కాబట్టి, లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని రాస్తున్నాను.

ముందు క్రికెట్ సంగతి, అది తొందరగా తేలిపోతుంది. టెన్నిస్ బంతి, ఎనిమిది ఓవర్లు, రాత్రి లైట్ల కింద ఆట. చూడ్డానికి సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ సగం డబ్బు లైట్లకీ మైకుకీ జనరేటర్‌కీ పోయింది. ఆడినవాళ్ళలో మా కాలనీ కుర్రాళ్ళు పదకొండు మంది, మిగతా టీములన్నీ బయటివే. సెమీస్‌లో ఒక రనౌట్ దగ్గర రాజుకున్న గొడవతో ఎదురెదురు ఇళ్ళ వాళ్ళు వినాయక చవితి దాకా మాట్లాడుకోలేదు. మల్లవీరుడు కోడి రామ్మూర్తి పేరు మీద స్టేడియం ఉన్న ఊళ్ళో ఆటలు వద్దని ఎవరంటారు? ఎంట్రీ ఫీజులు వసూలు చేసుకుని ఆడుకోమనండి, సంఘం డబ్బు అడగొద్దనండి. ఫైనల్ రోజు వాన పడి ఆట ఆగిపోయింది. షీల్డు ఎవరికివ్వాలో తేలక ఇప్పటికీ మా అటక మీదే ఉంది.

క్యాంపు సంగతి అలా కాదు. అందులో మంచి ఉంది, మేం చేసిన తప్పులూ ఉన్నాయి. బళ్ళకి సెలవులు ఏప్రిల్ 24 ప్రాంతంలో మొదలైతే మేం తాపీగా మే 5న తెరిచాం. మొదటిరోజు 31 మంది వచ్చారు, చివరిరోజుకి 12 మంది మిగిలారు. మిగతావాళ్ళు ఏమయ్యారంటే అమ్మమ్మగారిళ్ళకి వెళ్ళిపోయారు. మే నెలలో మన పిల్లలు ఊళ్ళో ఉండరన్న సంగతి మాకెవరికీ తట్టకపోవడం చిత్రం. తమాషా ఏమిటంటే, వీళ్ళు వెళ్ళిన కొద్దీ హైదరాబాద్, విశాఖ నుంచి మా ఇళ్ళకి మనవలు దిగారు. వాళ్ళని చేర్చుకుందామా వద్దా అని కమిటీలో గంటన్నర చర్చ. చేర్చుకున్నాం, లేకపోతే చివరిరోజు ఆ 12 మంది కూడా ఉండేవారు కాదు.

మొదటివారం అబాకస్, డ్రాయింగ్. అవి బళ్ళో ఉన్నవే, పిల్లలు ఆవులించారు. రెండోవారం పక్క ఊరి నుంచి తప్పెటగుళ్ళు, అంటే మెడలో తప్పెట కట్టుకుని వాయిస్తూ ఆడే జానపద నృత్యం, నేర్పే గురువుగారు వచ్చాక క్యాంపు నిలబడింది. ఏడేళ్ళ పిల్ల మెడలో రేకు తప్పెట కట్టాడాయన. అది గడ్డం కింది నుంచి బొజ్జ దాకా వచ్చింది, పిల్ల కనిపించడం మానేసి చేతులూ కాళ్ళే మిగిలాయి. మొదటి అడుగు తప్పింది, రెండోదీ తప్పింది, మూడో అడుగుకి తప్పెట మోగగానే తనే ఉలిక్కిపడి నవ్వింది. మర్నాడు పిలవకుండానే ఇంకో తొమ్మిది మంది వచ్చారు. ఇంకోరోజు కథానిలయానికి తీసుకెళ్ళాం. 1997లో కాళీపట్నం రామారావు మాస్టారు తెలుగు కథల కోసం పెట్టిన లైబ్రరీ మన ఊళ్ళోనే ఉందని చాలామంది పిల్లలకే కాదు, వెంట వచ్చిన ఇద్దరు తండ్రులకీ తెలియదు.

కానీ ఒక్క విషయం నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. మా సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకునే ఆమె కొడుకు రెండు రోజులు వచ్చాడు. ఫీజు లేదని చెప్పాం గానీ రంగులు, డ్రాయింగ్ పుస్తకం ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలన్నాం. మూడోరోజు రాలేదు. అడిగితే వాళ్ళమ్మ "వాడికి జొరమండి" అంది. సాయంత్రం వాడు బండి దగ్గరే బొగ్గులు విసురుతూ కనిపించాడు. ఆ ఏడు సర్టిఫికెట్ల ప్రింటింగ్‌కి పెట్టిన డబ్బుతో ముప్పై మందికి రంగుల డబ్బాలు వచ్చి ఉండేవి.

ఇక చలివేంద్రం. ఈ మాట వినగానే ముందు ప్రారంభోత్సవం గుర్తొస్తుంది. అరటి పిలకలు, రిబ్బను, ఫోటో. వారం తిరిగేసరికి కుండ బోర్లించి ఉంటుంది, వెనక ఫ్లెక్సీలో పెద్దలు మాత్రం నవ్వుతూనే ఉంటారు. మాదీ దాదాపు అంతే అయింది. కుండలెందుకు, శుభ్రంగా 20 లీటర్ల వాటర్ క్యాన్లు పెడదాం అన్నారు మా కార్యదర్శి. పన్నెండు దాటేసరికి క్యాన్ నీళ్ళు సలసలా కాగినట్టయ్యేవి. గంపలో ముంజెలు అమ్ముకునే ముసలమ్మ ఒక గుక్క తాగి, "తానానికి పెట్టినారేటి బాబూ ఈ నీళ్ళు?" అంది. ఆ సాయంత్రమే కుమ్మరి దగ్గరికి వెళ్ళాం.

కుండలొచ్చాయి. మా కుర్రాళ్ళు ముచ్చటపడి వాటికి ఆయిల్ పెయింట్‌తో మూడు రంగులు వేశారు. నీళ్ళు చల్లబడితే ఒట్టు. కుండ గోడలోని సన్నని రంధ్రాల్లోంచి తేమ బయటికి ఊరి, ఆరిపోతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. రంగు ఆ రంధ్రాలని మూసేసింది. మళ్ళీ కొత్తవి కొన్నాం. ఇంకో చిక్కు మన ఊరి గాలిది. పడమటి గాలి పొడిగా కొట్టిన రోజు కుండ నీళ్ళు పళ్ళు జివ్వుమనేలా ఉంటాయి. సముద్రం గాలి తిరిగి ఉక్కపోసిన రోజు మన ఒంటి చెమటే ఆరదు, కుండ చెమట ఎలా ఆరుతుంది? అందుకని పందిరికి మూడువైపులా కట్టిన ఫ్లెక్సీలు విప్పించి గాలి ఆడనిచ్చాం. కింద ఇసుక పోసి తడిపాం, కుండకి గోనెసంచి చుట్టి గంటకోసారి నీళ్ళు చల్లాం. ఫ్లెక్సీ తీసినందుకు ఒక దాత నాతో వారం మాట్లాడలేదు.

తాగేవాళ్ళకి కొదవ లేదు. ఆదివారం అరసవల్లి దర్శనానికి వచ్చేవాళ్ళు, గంపలు మోసేవాళ్ళు, ఆటోవాళ్ళు. ఆటోవాళ్ళు రెండు లీటర్ల బాటిళ్ళు నింపుకుపోతున్నారని కమిటీలో ఫిర్యాదు వచ్చింది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ ఇంజను మీద కూర్చునేవాడికి గ్లాసుడు ఏ మూలకి? నింపుకోనివ్వమన్నాను. మజ్జిగ రోజూ పోస్తే డబ్బూ చాలదు, రెండు గంటలకల్లా పులిసిపోతుంది కూడా. ఆదివారాలు చాలు. ఒకసారి చోడి (రాగి) అంబలి పెడితే పెద్దవాళ్ళు ఉల్లిపాయ అడిగి మరీ తాగారు, పిల్లలు మొహం తిప్పుకున్నారు. ఎండకి నీరసించినవాళ్ళకి ఏం కలిపి ఇవ్వాలో రాసి పందిరి గుంజకి ఒక అట్ట కూడా కట్టాం. లీటరు నీళ్ళకి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో ఏదీ పోయకుండా 108కి ఫోన్ చేయాలని కింద రాశాం.

నిజానికి అసలు లాభం నీళ్ళలో కాదు, వంతుల్లో కనిపించింది. రెండేసి గంటలకి ఇద్దరేసి. ఏడాదిగా ఒకే సందులో ఉంటూ పలకరించుకోని రిటైర్డ్ కండక్టరూ, అద్దెకున్న బ్యాంకు కుర్రాడూ గోనె తడుపుతూ దోస్తులయ్యారు. క్రికెట్ తెంపిన ఎదురెదురు ఇళ్ళ వాళ్ళకి కూడా ఒకే వంతు వేశాను, కావాలనే.

కాబట్టి నా ఓటు చలివేంద్రానికే, ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి దాకా. పందిరి, కుండలు, గోనెలు, గ్లాసులు కలిపి 4,000. ఆరు ఆదివారాల మజ్జిగకి వారానికి 600 చొప్పున 3,600. మిగిలే 3,500తో సెలవులిచ్చిన మర్నాటి నుంచే పదిరోజుల క్యాంపు, తప్పెటగుళ్ళు గురువుగారితో. రంగులు మనమే కొనాలి, సర్టిఫికెట్లు వద్దు.

వంతుల కాగితం ఆంజనేయస్వామి గుడి గోడకి అంటించాను. పొద్దుటి గడులు, సాయంత్రం గడులు అప్పుడే నిండిపోయాయి. మే రెండోవారం, పన్నెండు నుంచి రెండు గడిలో మాత్రం ఒక్క పేరే ఉంది, అది నాది.