స్లావియాకు 95 పెట్రోలు: రెండు మే నెలల లెక్క

మా కారు స్కోడా స్లావియా, 1.5 టీఎస్ఐ (లీటరున్నర టర్బో పెట్రోలు ఇంజను), ఆరు గేర్ల మాన్యువల్. 2023 ఫిబ్రవరిలో కొన్నాం. 150 పీఎస్ శక్తి, 250 న్యూటన్ మీటర్ల టార్క్. కొన్న నాటి నుంచి అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఇంత మంచి ఇంజనుకు మామూలు పెట్రోలు పోయిస్తారా? కాలేజీలో తోటి అధ్యాపకులు అడిగారు, పక్క ఫ్లాటు వాళ్లు అడిగారు, మా మరిది అయితే ప్రతి పండుగకూ అడుగుతాడు. బంకుల్లో ఎక్స్‌పీ95, పవర్95 లాంటి పేర్లతో అమ్మే 95 ఆక్టేన్ పెట్రోలుకు హన్మకొండలో నేను లీటరుకు దాదాపు ఎనిమిది రూపాయలు ఎక్కువ ఇచ్చాను. మా ట్యాంకు 45 లీటర్లు. నిండా పోయిస్తే 360 రూపాయల తేడా.

నేను డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. కొలవగలిగిన దాని గురించి వాదించుకుంటూ కూర్చోవడం నాకు నచ్చదు. అందుకే 2023 మే నెలలో కొలిచాను, 2025 మేలో మళ్లీ కొలిచాను. రెండుసార్లూ ఒకే జవాబు రాలేదు. ఈ సమీక్ష రాయడానికి కారణం అదే.

ముందు ఆ 95 గురించి. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, నార్మల్ హెప్టేన్‌కు సున్నా అని పెట్టుకున్నారు. 95 పాళ్లు మొదటిది, 5 పాళ్లు రెండోది కలిపిన మిశ్రమం ఎంత నొక్కుడుకు ఆగుతుందో, 95 పెట్రోలు అంతకు ఆగుతుంది. ఆగడం అంటే స్పార్కు ప్లగ్గు వెలిగించేదాకా, వెలిగించిన మంట తన దగ్గరికి వచ్చేదాకా తనంతట తాను అంటుకోకుండా ఉండడం. అంతే. ఆక్టేన్ బలం కాదు, ఓర్పు. ఒక లీటరు 95 పెట్రోలులో 91 (అంటే మామూలు) పెట్రోలు కంటే ఎక్కువ శక్తి దాచి ఉండదు. ఈ ఒక్క మాట అర్థమైతే సగం సందేహాలు తీరిపోతాయి. అమెరికా వాళ్ల వీడియోలు చూసి అంకెలు పోల్చుకునేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అక్కడి బంకుల మీద రాసేది వేరే పద్ధతిలో కొలిచిన సగటు. వాళ్ల 87 సుమారుగా మన 91తో సమానం, వాళ్ల 91 మన 95కు దగ్గర.

ఓర్పు తక్కువైన పెట్రోలు ముందే అంటుకుంటే ఇంజను కొడుతుంది, దీన్నే నాక్ అంటారు. మా బాపు వరంగల్ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ మెకానిక్. చిన్నప్పుడు ఎవరిదో అంబాసిడర్ ఎక్కినప్పుడు ఆయన నా భుజం తట్టి, "విను బిడ్డా, రేకు డబ్బాలో గోలీలు ఆడుతున్నట్టు లేదూ?" అన్నారు. అదే ఆ శబ్దం. ఇప్పటి కార్లలో ఆ శబ్దం మన చెవిదాకా రాదు. ఇంజను దిమ్మకు బిగించిన నాక్ సెన్సరు ముందే పసిగట్టి కంప్యూటరుకు చెబుతుంది, కంప్యూటరు స్పార్కును కాస్త ఆలస్యం చేస్తుంది. ఇంజనుకు హాని జరగదు. కానీ ఆలస్యమైన ప్రతి డిగ్రీకీ (స్పార్కు సమయాన్ని ఇంజను ఇరుసు తిరిగే కోణంలో లెక్కిస్తారు) లాగుడు కొంత తగ్గుతుంది. నేను కొలిచింది ఆ ఆలస్యాన్నే. స్టీరింగ్ కింద, కారు కంప్యూటరు అంకెలు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్టులో చిన్న బ్లూటూత్ పరికరం గుచ్చితే ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్కు పడే సమయం), ఇంజను పీల్చే గాలి వేడి ఫోనులో కనిపిస్తాయి.

మా అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి చదువుతోంది కాబట్టి నెలకు రెండుసార్లు హన్మకొండ నుంచి ఉప్పల్ దాకా వెళ్లి రావడం మాకు తప్పదు. కాజీపేట వంతెన మీద ఇరుక్కోవడం, స్టేషన్ ఘన్‌పూర్ దాటాక దారి తెరుచుకోవడం, అన్నీ చేతికి అలవాటైన రోడ్డు. పరీక్షకు నేను ఎంచుకున్న చోటు కోమల్ల టోల్‌గేటు. ఎండలో వరుసలో నిలబడి ఇంజను గది బాగా కాగి ఉంటుంది, గేటు దాటగానే రోడ్డు ఖాళీగా ఉంటుంది. మూడో గేరులో గంటకు 40 కిలోమీటర్ల వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి 100 దాకా. పక్క సీట్లో అమ్మాయి స్టాప్‌వాచ్‌తో. ఏసీ నడుస్తూ, నలుగురం కూర్చుని. మామూలు పెట్రోలుతో మూడు ట్యాంకులు, 95తో మూడు ట్యాంకులు, ఒకే బంకులో, ఒకే మెషీన్ దగ్గర, నాజిల్ మొదటిసారి దానంతట అది ఆగేదాకా.

2023 మేలో మామూలు పెట్రోలు అంటే నాకు దొరికింది 91. బయట 43 డిగ్రీలు. టోల్‌గేటు దాటే సమయానికి ఇంజను పీల్చే గాలి 58 దగ్గర ఉంది. మామూలు పెట్రోలుతో రెండు వేల ఆర్పీఎం దగ్గర స్పార్కు, 95తో పోలిస్తే మూడు నాలుగు డిగ్రీలు వెనకపడింది. గడియారంలో సగటున 8.4 సెకన్లు, 95తో 8.1. సెకనులో పదింట మూడు వంతుల తేడా చిన్నదే, కానీ అది పాదానికి తెలిసింది. నొక్కిన వెంటనే ముందుకు దూకడానికీ, ఒక్క క్షణం ఆలోచించి కదలడానికీ ఉన్న తేడా అది. లారీని దాటేటప్పుడు ఆ క్షణం విలువ ఏమిటో హైవే మీద నడిపేవారికి చెప్పనక్కరలేదు.

అయితే అదే కారు, అదే మామూలు పెట్రోలు, పొద్దున ఆరింటికి బయలుదేరితే తేడా మాయం. గాలి 30 లోపు ఉన్నప్పుడు 91 కూడా ఆ ఇంజనుకు సరిపోయింది. స్థిరంగా 90లో పోతున్నప్పుడు సరేసరి. ఆ ఇంజను అప్పుడు నాలుగు సిలిండర్లలో రెంటిని ఆపేసుకుని పోతుంది, అంత తేలిక పనికి ఏ పెట్రోలైనా చాలు. టర్బో ఇంజనుకు ఆక్టేన్ అవసరం పడేది ఎండ, బరువు, తక్కువ ఆర్పీఎంలో గట్టి తొక్కుడు, ఈ మూడూ కలిసినప్పుడే. ఉత్తర తెలంగాణలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు ఆ మూడింటినీ ఒక్కచోట చేరుస్తాయి.

మైలేజీ విషయం త్వరగా ముగిస్తాను. మామూలు పెట్రోలుతో లీటరుకు 16.9, 95తో 17.2. ఎదురుగాలి ఉన్న రోజుకూ లేని రోజుకూ ఇంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. పెట్టిన ఎనిమిది రూపాయలు మైలేజీలోనే తిరిగి రావాలంటే 18.2 రావాలి. నా చేతికి ఒక్కసారీ రాలేదు. ప్రీమియం తప్పనిసరి కాదు, పోస్తే మంచిదని తయారీదారులు చెప్పిన కార్ల మీద అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2017లో పరీక్షలు చేసినప్పుడు ప్రీమియం పెట్రోలుతో సగటున మైలేజీ 2.7 శాతం, శక్తి 1.4 శాతం పెరిగాయి. నాకు వచ్చింది దానికి దగ్గరే. ధరలో తేడా మాత్రం ఏడు శాతం పైన.

అప్పట్లో నా తీర్పు: ఎండాకాలం రెండు నెలలు 95, మిగిలిన పది నెలలు మామూలుది. రెండేళ్లు అలాగే నడిపాను.

తర్వాత పెట్రోలే మారిపోయింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025 నాటికి మామూలు నాజిల్ నుంచి వచ్చేదే అదైంది. ఇథనాల్ ఆక్టేన్ 108 ప్రాంతంలో ఉంటుంది. దాన్ని అయిదో వంతు కలిపితే మామూలు పెట్రోలు ఓర్పు దానంతట అదే పెరుగుతుంది. ఈ మిశ్రమం 95 దగ్గరికి వచ్చిందని కేంద్ర పెట్రోలియం శాఖే ప్రకటించింది. అలాంటప్పుడు నేను ఎనిమిది రూపాయలు ఎక్కువ పెట్టి కొంటున్న 95లో ప్రత్యేకం ఏమిటి?

2025 మేలో మళ్లీ కోమల్ల. ఈసారి 42 డిగ్రీలు. మామూలు పెట్రోలుకూ 95కూ టైమింగ్‌లో తేడా ఒక డిగ్రీ కూడా లేదు. గడియారం రెంటికీ 8.1 చూపింది. అమ్మాయి ఎనిమిది పరుగుల అంకెలు కాగితం మీద రాసి, ఏది ఏ పెట్రోలుదో చెప్పకుండా నా చేతికిచ్చింది. నేను విడదీయలేకపోయాను.

కెమిస్ట్రీ ల్యాబులో కొలజాడీ (గీతలున్న పొడవాటి గాజు పాత్ర) తీసుకుని ఇంకో పరీక్ష కూడా చేశాం. తొంభై మిల్లీలీటర్ల పెట్రోలు, పది మిల్లీలీటర్ల నీళ్లు, మూతపెట్టి కుదిపి నిలబెట్టడం. ఇథనాల్ ఉంటే అది పెట్రోలును వదిలి నీళ్లలోకి దిగుతుంది, కింది పొర పెరుగుతుంది. మామూలు పెట్రోలులో పది దగ్గరున్న గీత ఇరవై ఆరు దాటింది. 95లోనూ అంతే. అంటే ప్రీమియం కొన్నంత మాత్రాన ఇథనాల్ తప్పలేదు. (ఇది ఇంట్లో చేయవద్దు. మేము తలుపులు తెరిచి, దగ్గరలో మంట లేకుండా చూసుకుని చేశాం.) లీటరు ఇథనాల్‌లో లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది కాబట్టి మైలేజీ కూడా రెండు పెట్రోళ్లకూ కలిసే తగ్గింది: మామూలుదానికి 16.3, 95కు 16.5.

ఇక 95కు మిగిలిన వాదన ఒక్కటే, అందులో కలిపే శుభ్రపరిచే రసాయనాలు. వీటిని నేను కొట్టిపారేయను. పెట్రోలును ఇన్‌టేక్ దారిలో, అంటే గాలి లోపలికి వెళ్లే దారిలో, చిమ్మే ఇంజన్లలో ఆ రసాయనం వాల్వుల వెనక పేరుకున్న మసిని కడుగుతుంది. కానీ మా స్లావియాలో పెట్రోలు నేరుగా సిలిండరులోకే చిమ్ముతుంది. వాల్వు వెనక భాగాన్ని అది తాకనే తాకదు. తాకనిదాన్ని ఎలా కడుగుతుంది? పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు మొనలకు మాత్రం కొంత మేలు జరగవచ్చు. బాపుకు ఈ సంగతి చెబితే వెంటనే అందుకున్నారు: "నాజిల్ శుభ్రమైతే మంచిదే బిడ్డా, కానీ దానికోసం ప్రతి ట్యాంకూ ఎందుకు?" అందుకే ఇప్పుడు నాలుగైదు నెలలకు ఒక ట్యాంకు 95 పోయిస్తున్నాను. దాన్ని ఇంజెక్టర్ల ఖర్చుగా రాసుకుంటున్నాను, లాగుడు కోసం కాదు.

100 ఆక్టేన్ కూడా ఒకసారి చూశాను. 2020 డిసెంబరులో ఎక్స్‌పీ100 వచ్చినప్పుడు ఢిల్లీలో లీటరు 160 రూపాయలు. నేను హైదరాబాద్‌లో ఒక బంకులో 100 పోయించుకుంటే 38 లీటర్లకు బిల్లు ఆరు వేలు దాటింది. నేను తెచ్చిన నమూనాలో కొలజాడీ గీత కదలలేదు, ఇథనాల్ లేదు. మైలేజీ 17.1 దాకా తిరిగి వచ్చింది. కానీ టైమింగ్ 95 దగ్గర ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. కంపెనీ రాసి పెట్టిన హద్దు దాటి స్పార్కును ముందుకు జరిపే అధికారం కంప్యూటరుకు లేదు. వాడుకోలేని ఓర్పుకు కిలోమీటరుకు తొమ్మిది రూపాయలకు పైన ఇచ్చాను. మామూలు పెట్రోలుతో అది ఆరున్నర. మా మరిది తన 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్‌కు కూడా 100 పోయిస్తానంటున్నాడు. ఆ ఇంజను కంప్రెషన్, అంటే పెట్రోలు గాలి మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి, 9.5 మాత్రమే. దానికి మామూలు పెట్రోలే ఎక్కువ.

ఒక అనుభవం చెప్పకుండా ఉండలేను. జనగామ వైపు నుంచి వస్తూ ఒక బంకులో ఆగితే, "నార్మల్ అయిపోయింది మేడమ్, ప్రీమియమే ఉంది" అన్నాడు అక్కడి అబ్బాయి. సరేనని పోయించుకున్నాను. డబ్బులిస్తుండగానే వెనకాల వచ్చిన ఆటోకు పక్క నాజిల్ నుంచి మామూలు పెట్రోలు పోశారు. ఎనిమిది రూపాయల సంగతి కాదు, ఎదురుగా నిలబడి అబద్ధం చెప్పడం నాకు చాలా కోపం తెప్పించింది. అప్పటినుంచి కారు ఆపగానే కిందికి దిగి, ఏ నాజిల్ పట్టుకుంటున్నారో చూసి, మీటరు మీద ధర చదివాకే తల ఊపుతున్నాను. కొలత మీద అనుమానముంటే అయిదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు మనకుంది. అడగండి.

మీ కారు ఇంధన మూత వెనక స్టిక్కరు చదవండి. కనీసం 95 అని రాసి ఉంటే ఈ సమీక్ష పక్కన పెట్టి అది చెప్పినట్టే చేయండి.

నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు ఇప్పుడు కాజీపేటలో ఉంటున్నాడు. పాత పోలో జీటీ టీఎస్ఐ కొని, కంప్యూటరులోని లెక్కలన్నీ మార్పించి, టర్బో ఒత్తిడి పెంచుకున్నాడు. అతని కారుకూ నా పరికరమే పెట్టి చూశాం. మామూలు పెట్రోలుతో ఎండలో స్పార్కు ఆరేడు డిగ్రీలు వెనక్కి పోతోంది, 100 పోయించుకున్న రోజు కదలకుండా నిలబడింది. ఆ ఇంజనుకు హద్దు జరిపారు, కాబట్టి ఆ ఓర్పు దానికి పనికొస్తోంది. హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా ట్యాంకు నింపుకుని వస్తాడు. అతనికి మాత్రం కొనవద్దని నేను చెప్పలేదు.