పడమటి గోడకు ఎర్రమట్టి జాలీ: బెజవాడ ఎండలో ఆరు వేసవుల తర్వాత

బెజవాడలో ఎలివేషన్ (ఇంటి బయటి ముఖం) అంటే ఇప్పటికీ ఏసీపీ షీటు (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ అతికిన పలక), నీలం అద్దం. వాటికి బదులు పడమటి గోడ ముందు మూడంతస్తుల ఎత్తున ఎర్రమట్టి జాలీ (కాల్చిన మట్టి చిల్లుల బిళ్లలతో పేర్చిన తెర) కట్టించి ఆరు వేసవులు వాడాక రాస్తున్న మాట: వేడి ఆపడంలో నూటికి తొంభై వేయొచ్చు, శుభ్రం చేసుకోవడంలో పాస్ మార్కులు కూడా రావు.

వెనక ఉన్నది ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిదతో చేసిన ఫ్లైయాష్ ఇటుకల 9 అంగుళాల గోడ. సాయంత్రం నాలుగింటి ఎండ అలాంటి గోడను దాటి లోపలికి రావడానికి ఆరేడు గంటలు పడుతుంది. పడమటి పడకగది రాత్రి పదింటికి కాగేది అందుకే. సన్‌షేడ్ ఎంత ముందుకు లాగినా వాలుటెండ దాని కిందనుంచే దూరుతుంది. జాలీ ఆ ఎండను గోడ దాకా రానివ్వదు. రోహిణి కార్తెలో రాత్రిపూట లోపలి నుంచి అరచెయ్యి ఆనించి చూస్తే చాలు: జాలీ వెనక గోడ గోరువెచ్చగా ఉంటుంది, జాలీ లేని మెట్లగది గోడ సెగ కొడుతుంది.

జాలీ బిళ్ల 8 అంగుళాల చదరం. 100 చదరపు అడుగులకు 225 లెక్క, విరుగుళ్లతో కలిపి 250 తెప్పించుకోండి. నీళ్లలో నానబెట్టకుండా కడితే బిళ్ల మాలులోని తడి పీల్చేసి జాయింటు పొడిపొడిగా రాలుతుంది. మాలు 1:4 (ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుక), జాయింటు 10 మి.మీ. ప్రతి మూడడుగులకూ గాల్వనైజ్డ్ యాంగిల్ పెట్టి స్లాబుకో పిల్లరుకో బిగించాలి. రెండు వరసల్లో మేస్త్రీ మామూలు ఇనుప రాడ్డుతో సరిపెట్టాడు. నాలుగో వానాకాలానికి తుప్పు ఉబ్బి బిళ్లల అంచులు చిట్లాయి. అలా మిగిలిన డబ్బు కంటే మరమ్మతుకు పరంజా కూలీ ఎక్కువైంది.

పెద్ద తప్పు సందు దగ్గర జరిగింది. గోడకూ జాలీకీ మధ్య 9 అంగుళాలే వదిలారు, మనిషి పక్కకు తిరిగినా పట్టడు. పావురాలకు మాత్రం భలే పడుతుంది! రెండడుగులు వదలండి, పై అంచు వలతో మూయండి, అడుగున బయటికి వాటం ఇవ్వండి. నీళ్లు నిలిస్తే దోమలే. ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ను జాలీ వెనక దాచొద్దు: వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుని చల్లదనం తగ్గుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది.

ఎర్రమట్టి అన్నంత మాత్రాన పర్యావరణానికి మేలని కాదు. దానికీ మట్టి తవ్వాలి, బట్టీ కాల్చాలి. కానీ ఏసీపీ లెక్క చూడండి. రెండు వైపులా అర మి.మీ. రేకున్న షీటు 100 చదరపు అడుగులు వేస్తే అల్యూమినియం 25 కిలోలు. కొత్త లోహమైతే కిలో తీయడానికే 13 నుంచి 15 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. మధ్యలో ప్లాస్టిక్ అతికి ఉండడంతో పాత షీటును విడదీసి కరిగించడమూ కష్టమే. మధ్యలో పాలిథిలిన్ ప్లాస్టిక్ ఉండే రకం ఎలా మండుతుందో 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ దగ్గర లోకమంతా చూసింది.

అన్ని గోడలకూ జాలీ అక్కర్లేదు. దక్షిణానికి సన్‌షేడ్ చాలు. ఉత్తరాన్ని మాత్రం వదిలేయకండి: మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు.

చివరగా పూత సంగతి. నీటిని తోసే సిలికాన్ పూత మూడు నాలుగేళ్లకోసారి వేస్తే బిళ్ల మీద తెల్లగా ఉప్పు తేలడం తగ్గుతుంది. మేస్త్రీ మెరుపు కోసం వార్నిష్ అంటాడు, ఒప్పుకోకండి. తడి బయటికి రాలేక బిళ్ల పెచ్చులూడుతుంది.