సైజు మారే బ్లాకుకి ఏది మేలు: యాక్షనా, కన్‌స్ట్రెయింటా?

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో ఇళ్ల ప్లాన్లు, రేకుల షెడ్లు గీసే చిన్న ఆఫీసుల్లో బ్లాకుల (ఒకసారి గీసి పదేపదే వాడుకునే బొమ్మల) ఫోల్డర్ తెరిస్తే ఒకే తలుపు చాలా పేర్లతో కనిపిస్తుంది. తలుపు 750, తలుపు 900, తలుపు 900 ఎడమ, తలుపు 1050 కొత్తది (అంకెలు మి.మీ.లో). సైజు మారినప్పుడల్లా పాత బ్లాకుని ఎక్స్‌ప్లోడ్ చేసి (విడి గీతలుగా విడగొట్టి), గీతలు సాగదీసి, ఇంకో పేరుతో సేవ్ చేస్తారు. ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో ఒక్క డైనమిక్ బ్లాకు, అంటే కొలత మార్చితే తానే సైజు మారే బ్లాకు, చేసుకుంటే ఈ గొడవ తీరిపోతుంది. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు, ఎలా చెయ్యాలన్న దగ్గరే తేడా వస్తుంది.

ఉన్నవి ముఖ్యంగా రెండు దారులు. ఆటోక్యాడ్ 2006తో వచ్చింది పారామీటర్, యాక్షన్ల దారి. బ్లాక్ ఎడిటర్‌లో ఒక లీనియర్ పారామీటర్ (మారే పొడవు) పెట్టి, దానికి స్ట్రెచ్ (సాగదీసే) యాక్షన్ తగిలించి, ఏ గీతలు ఎటు కదలాలో మనమే చూపిస్తాం. ఆటోక్యాడ్ 2010తో వచ్చింది కన్‌స్ట్రెయింట్ల దారి. ఇందులో ఏది కదలాలో చెప్పం, ఏ గీతకి ఏ గీతతో ఏం సంబంధమో చెబుతాం. ఈ కొస ఆ కొసని వదలకూడదు, ఈ రెండూ సమానంగా ఉండాలి, ఈ ఎత్తు ఆ పొడవులో ఆరో వంతు. కదపడం సాఫ్ట్‌వేర్ పని. ఈ ఆలోచనకి వయసు చాలా ఎక్కువ. 1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌లోనే గీతల మధ్య ఇలాంటి షరతులు పెట్టే వీలుంది, మూలబొమ్మని మారిస్తే దాని నకళ్లన్నీ మారే వీలూ ఉంది.

కిటికీతో మొదలుపెడదాం, ఎందుకంటే ఇక్కడ నాకు అనుమానమే లేదు: యాక్షనే మేలు. ప్లాన్‌లో కిటికీకి మారేవి రెండే, వెడల్పు, గోడ మందం. రెండు లీనియర్ పారామీటర్లు, రెండు స్ట్రెచ్‌లు చాలు. వెడల్పుకి వేల్యూ సెట్‌లో 900, 1200, 1500, 1800 అని లిస్టు ఇస్తే గ్రిప్ (బ్లాకు మీద కనిపించే పట్టు గుర్తు) పట్టి లాగినప్పుడు ఆ కొలతల దగ్గరే ఆగుతుంది. గోడకి 115, 230 ఇస్తే సరిపోతుంది. ఎలివేషన్‌లో (ఎదురుగా చూసినట్టు గీసిన బొమ్మలో) గ్రిల్ ఊచలు ఉన్నాయంటే యాక్షన్‌కి ఇంకా బలం, ఎందుకంటే వెడల్పు పెరిగినప్పుడు అర్రే యాక్షన్ కొత్త ఊచల్ని వేస్తుంది. కన్‌స్ట్రెయింట్ ఆ పని చెయ్యలేదు. ఉన్న గీతల్ని సరైన చోట నిలబెడుతుంది తప్ప కొత్త గీత పుట్టించదు. మెట్లకీ ఇంతే. ట్రెడ్ (మెట్టు మీద అడుగు పెట్టే వెడల్పు) 250 అనుకుంటే పారామీటర్ ఇంక్రిమెంట్ 250, అర్రే దూరం 250 పెడితే చాలు, ఎన్ని మెట్లు కావాలంటే అంతవరకు లాగొచ్చు.

తలుపు దగ్గర కాస్త ఆలోచించాలి. తెరుచుకునే ఆర్క్ స్ట్రెచ్‌కి సరిగా లొంగదు కాబట్టి చాలామంది రెక్కనీ ఆర్క్‌నీ కలిపి స్కేల్ యాక్షన్‌లో పెట్టేస్తారు. అప్పుడు రెక్క మందం కూడా స్కేల్ అవుతుంది. 900 తలుపుకి 35 మి.మీ. మందంతో గీసిన రెక్క, 1050కి లాగితే దాదాపు 41 అవుతుంది, 750కి తగ్గిస్తే 29 అవుతుంది. వందో వంతు స్కేల్‌లో ప్రింట్ తీసిన ప్లాన్‌లో ఈ తేడా కంటికి ఆనదు. అదే బ్లాకుని వడ్రంగికిచ్చే డిటైల్ షీట్‌లో వాడితే మాత్రం తప్పు కొలత వెళ్లిపోతుంది. రెక్కకి విడిగా స్ట్రెచ్ యాక్షన్ ఇచ్చి, దాని ప్రాపర్టీస్‌లో యాంగిల్ ఆఫ్‌సెట్ 90 పెట్టి (లాగిన దిశకి 90 డిగ్రీల్లో సాగేలా చేసి), ఆర్క్‌ని మాత్రమే స్కేల్ చేస్తే మందం చెదరదు. కన్‌స్ట్రెయింట్లతో అయితే ఈ తంటా లేదు: మందం 35, రెక్క పొడవు ఓపెనింగ్‌కి సమానం, ఆర్క్ రేడియస్ కూడా అంతే, ఆర్క్ సెంటర్ కీలు దగ్గర.

అయినా ప్లాన్‌లో తలుపుకి నేను యాక్షన్లనే ఎంచుకుంటాను. కారణం ఫ్లిప్. ఎడమ, కుడి, లోపలికి, బయటికి అని ప్రతి ఇంట్లోనూ తలుపు తిప్పాల్సిందే. ఫ్లిప్ యాక్షన్ ఆ పని ఒక్క క్లిక్‌తో చేస్తుంది. కన్‌స్ట్రెయింట్లు ఉన్న గీతల మీదే ఫ్లిప్, రొటేట్ కూడా పెడితే రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి, ఫలితాన్ని నమ్మలేం. ఒకే గీత మీద రెండు పద్ధతులూ పెట్టకపోవడం మంచిది.

ఇక షెడ్డు ట్రస్, అంటే రేకుల కప్పుని మోసే త్రికోణపు చట్రం. పలాస చుట్టుపక్కల జీడిపప్పు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. అలాంటి షెడ్డు ఒకదానికి 9 మీటర్ల స్పాన్ (ఈ కొస నుంచి ఆ కొసకి దూరం) ట్రస్ గీశాం అనుకోండి, ఎత్తు స్పాన్‌లో ఆరో వంతు, అంటే 1500. ఓనరు 12 మీటర్లు కావాలన్నాడు. స్పాన్ 3000 పెరిగింది. ఎడమ కొస కదలదు కాబట్టి శిఖరం 1500 కుడికి, 500 పైకి వెళ్లాలి. ఎడమ రాఫ్టర్ (వాలుగా ఉండే పై గీత) మధ్య బిందువు 750 కుడికి, 250 పైకి వెళ్లాలి. కుడి రాఫ్టర్ మధ్య బిందువు 2250 కుడికి, 250 పైకి వెళ్లాలి. యాక్షన్లతో దీన్ని చెయ్యొచ్చు. డిస్టెన్స్ మల్టిప్లయర్ (లాగిన దూరంలో ఎన్నో వంతు కదలాలో చెప్పేది) ఒకదానికి 0.5, ఒకదానికి 0.25, ఇంకోదానికి 0.75 ఇచ్చి, పైకి కదలడానికి మళ్లీ యాంగిల్ ఆఫ్‌సెట్‌తో వేరే స్ట్రెచ్‌లు తగిలించాలి. ఆరు నెలల తర్వాత అది తెరిచినవాడికి ఏ యాక్షన్ దేనికి పెట్టారో తల తిరిగిపోతుంది. రేపు వాలు ఐదో వంతు కావాలంటే మళ్లీ మొదటికొస్తుంది.

ఇదే బొమ్మకి కన్‌స్ట్రెయింట్లు ఎంత హాయిగా ఉంటాయో ఒకసారి చేసి చూడండి. ఎడమ కొసకి ఫిక్స్. టై (కింది అడ్డ గీత) హారిజాంటల్, నడిమి పోస్టు వర్టికల్. స్ట్రట్ (రాఫ్టర్‌కి ఊతమిచ్చే లోపలి గీత) కొసని రాఫ్టర్ మిడ్‌పాయింట్‌కి కోఇన్సిడెంట్‌తో అంటిస్తాం, నడిమి పోస్టు కింది కొసని టై మిడ్‌పాయింట్‌కి అంటిస్తాం. తర్వాత పారామీటర్స్ మేనేజర్‌లో రెండే వరుసలు: స్పాన్ 9000, ఎత్తు స్పాన్ బై 6. 9000 తీసి 12000 కొడితే మొత్తం సర్దుకుంటుంది. వాలు మార్చాలంటే 6 తీసి 5 పెడితే చాలు. పేర్లు డీ1, డీ2 అని వదిలెయ్యకండి, అర్థమయ్యే పేర్లు పెట్టండి. అయితే ఒక్క మాట, బ్లాకు కొలతలు సర్దుతుంది గానీ గాలి లెక్క చెయ్యదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తీరం దాటింది పలాస దగ్గరే. సెక్షన్ సైజులు స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాల్సిందే.

కన్‌స్ట్రెయింట్లతో టెన్షన్ ఎక్కడంటే మొదలుపెట్టే దగ్గర. ఫిక్స్ పెట్టకుండా కొలత మారిస్తే బొమ్మ అనుకోని వైపు జరుగుతుంది. కొలతలు ముందే ఇచ్చేస్తే ఆకారం చెదిరిపోతుంది, అందుకే ముందు జామెట్రిక్ (ఆకారపు) షరతులు, తర్వాత డైమెన్షనల్ (కొలతల) షరతులు. ఆటో కన్‌స్ట్రెయిన్ బటన్ చూడ్డానికి బాగుంటుంది గానీ అక్కర్లేని సంబంధాలు కూడా అంటించేస్తుంది, చేత్తో పెట్టుకోవడమే నయం. యాంగిల్ సెక్షన్లని (ఎల్ ఆకారపు ఇనుప కడ్డీల్ని) జంట గీతలతో గీసి ప్రతిదానికీ షరతులు పెట్టాలనుకుంటే పని కొండంత అవుతుంది. ఒక్కో కడ్డీకి ఒక్క గీతే ఉండే సెంటర్‌లైన్ ట్రస్ వరకే ఆపండి. టెస్ట్ బ్లాక్‌లో (బ్లాకుని వాడి చూసే విండోలో) అతి చిన్న కొలత, అతి పెద్ద కొలత రెండూ కొట్టి చూశాకే సేవ్ చెయ్యండి.

ఫ్లాంజ్‌లు, బేస్ ప్లేట్లలాగా సైజుల పట్టిక ఉన్నవాటికి కన్‌స్ట్రెయింట్లతో పాటు బ్లాక్ టేబుల్ (బ్లాకులోనే ఉండే కొలతల పట్టిక) వాడండి. ఎక్సెల్‌లో ఉన్న వరుసల్ని అందులో పేస్ట్ చెయ్యొచ్చు, పట్టికలో ఉన్న వరుసే తీసుకోవాలని టిక్ పెడితే ఎవరూ మధ్య కొలత కొట్టలేరు. వాష్‌బేసిన్, కమోడ్ లాంటివాటికి ఈ రెండూ అక్కర్లేదు, విజిబిలిటీ స్టేట్స్‌లో (ఏ బొమ్మ కనిపించాలో ఎంచుకునే వీలు) రెండు మూడు బొమ్మలు పెట్టుకుంటే సరి.

ఏది ఎంచుకునే ముందైనా మీ ఆఫీసులో ఉన్నది ఆటోక్యాడా, దాని తక్కువ సదుపాయాల వెర్షన్ అయిన ఎల్‌టీనా అని చూసుకోండి. ఎల్‌టీలో యాక్షన్లతో డైనమిక్ బ్లాకు చెయ్యొచ్చు. కన్‌స్ట్రెయింట్లు మాత్రం కొత్తవి పెట్టలేరు, ఉన్న కొలతలు మార్చుకోవచ్చంతే. ట్రస్ బ్లాకు ఫుల్ వెర్షన్ ఉన్నచోట ఒకసారి చేయించి తెచ్చుకుంటే ఎల్‌టీలో స్పాన్ మార్చుకుంటూ వాడుకోవచ్చు. అవతలి ఫ్యాబ్రికేటర్ వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరుస్తాడని తెలిస్తే ముందు ఒక బ్లాకు పంపి గ్రిప్‌లు పనిచేస్తున్నాయో లేదో చూడమనండి. పనిచెయ్యకపోతే కొలత ఫైనల్ చేసిన బ్లాకుని మామూలు బ్లాకుగా మార్చి పంపండి.