రైలు బొమ్మ ఏది మేలు: చెక్కదా, బ్యాటరీదా, కరెంటుదా?

బొమ్మల షాపులో అడుగుపెట్టగానే పిల్లల కళ్లు పడేది లైట్లు వెలిగి, పొగ వదిలి, కూత పెట్టే బ్యాటరీ రైలు మీదే. అదే కావాలని మారాం చేస్తారు కూడా. మీ ఇంట్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలుంటే మాత్రం, కాస్త ధర ఎక్కువైనా చెక్క పట్టాల సెట్టే కొనండి.

బ్యాటరీ రైలు తనంతట తను గుండ్రంగా తిరుగుతుంది, స్విచ్ వేయడం తప్ప పిల్లలకి పనేమీ ఉండదు, పైగా చవకరకం పట్టాల్లో ఒక్క క్లిప్పు విరిగిందంటే ప్రతి చుట్టుకీ ఇంజిన్ అక్కడే పట్టాలు తప్పుతుంది, ఇక అటకెక్కించడమే. చెక్క సెట్‌లో పట్టాలు పరిచేదీ వాళ్లే, వంతెన కింద నుంచి ఇంకో లైను లాగేదీ వాళ్లే. పెట్టెల చివర్ల అయస్కాంతాలుంటాయి. చాలా సెట్లలో తప్పు వైపు పెడితే పెట్టె అతుక్కోదు సరికదా, దూరంగా జరిగిపోతుంది. మా చిన్నది కాసేపు నెట్టి నెట్టి, చివరికి పెట్టెను తిప్పి పెట్టింది. టక్కున అతుక్కుంది. ఎవరూ చెప్పకుండా తనే కనిపెట్టింది! స్వీడన్‌ కంపెనీ బ్రియో 1958 నుంచి ఇలాంటి రైళ్లు చేస్తోంది. ఐకియా షాపులో దొరికే లిల్లాబో చెక్క సెట్ పట్టాలు వాటికి కలుస్తాయి కాబట్టి, హైదరాబాద్ వాళ్లు దాంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవచ్చు.

మూడేళ్లలోపు వాళ్లకి పట్టాలే వద్దు. తాడు కట్టి లాగే చెక్క రైలు చాలు. అంకుడు కర్రతో చేసి లక్క పూసే ఏటికొప్పాక బొమ్మల్లాంటివి నున్నగా ఉంటాయి, అంచులు గుచ్చుకోవు. ఈ వయసులో అన్నీ నోట్లోకే వెళ్తాయి కాబట్టి ఊడొచ్చే చిన్న ముక్కలు, ముఖ్యంగా అయస్కాంతాలు, బటన్ సెల్స్ (గుండీల్లా ఉండే చిన్న బ్యాటరీలు) దగ్గరికి రానివ్వకండి. రెండు అయస్కాంతాలు మింగితే లోపల పేగుల్ని మధ్యలో పెట్టుకుని అతుక్కుంటాయి, అప్పుడు ఆపరేషన్ దాకా వెళ్లాల్సి రావచ్చు.

కరెంటుతో నడిచే మోడల్ రైళ్లు ఎనిమిది, పదేళ్లు దాటాకే. వీటి సైజుల్లో ఒకటైన హెచ్‌ఓ స్కేల్ అంటే అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. చక్రాలకి దుమ్ము పట్టినా పట్టాల నుంచి కరెంటు అందక బండి ఆగిపోతుంది, తుడుచుకునే ఓపిక ఉండాలి. ఆ ఓపిక ఉన్న పిల్లలకి దీన్ని మించింది లేదు, ఆరేళ్లవాళ్లకి మాత్రం డబ్బు దండగ.

ఏది కొన్నా ఐఎస్ఐ మార్కు చూడండి, ఏటికొప్పాక లాంటి చేతివృత్తుల బొమ్మలకి మినహాయింపు ఉన్నా, 2021 నుంచి మన దగ్గర మిగతా బొమ్మలకి అది తప్పనిసరి. బ్యాటరీ మూతకి స్క్రూ లేని బొమ్మ అయితే అక్కడే పెట్టేసి వచ్చేయండి.