కొలతలు చూపించి సిగార్ అమ్మే హన్మకొండ దుకాణం

మా మేనమామ ముప్పై ఏళ్లకు పైగా చుట్ట తాగిన మనిషి. ఆయన షష్టిపూర్తికి మంచి సిగార్లు తీసుకుపోదామని గత నెలలో హన్మకొండ చౌరస్తా దగ్గరి సందులో ఉన్న ఒక దుకాణానికి వెళ్లాను. ధర ఎక్కువున్న డబ్బా ఏదో చేతిలో పెట్టి పంపిస్తారనుకుంటే, దుకాణదారు ముందు టేపు తీసి, "పొడవెంత, లావెంత అన్నది తేల్చుకున్నాకే పేరు అడగండి సార్" అన్నారు.

సిగార్ పొడవును అంగుళాల్లోనూ, లావును అంగుళంలో 64వ వంతుల్లోనూ చెబుతారు. ఈ రెండో అంకెనే రింగ్ గేజ్ అంటారు. సుమారు 5 అంగుళాల పొడవు, 50 గేజ్ ఉంటే రోబస్టో. 5½ అంగుళాలు, 42 గేజ్ ఉంటే కొరోనా. 7 అంగుళాలు, 47 గేజ్ ఉంటే చర్చిల్. మొదటి నుంచి చివరి దాకా ఒకే లావుతో నిటారుగా ఉండేవి పరేహో తరగతికి చెందితే, కొస సన్నబడే టార్పెడో, రెండు కొసలూ సన్నబడే పర్ఫెక్టో వంటివి ఫిగురాడో తరగతికి చెందుతాయి. కంపెనీని బట్టి కొలతలు కొంత మారుతాయి కనుక పేరు కన్నా అంకెలనే చూడాలని ఆయన చెప్పిన మాట సరైనది. మన చుట్టకు దగ్గరి చుట్టం చెరూట్. దానికి రెండు కొసలూ కత్తిరించే ఉంటాయి. ఇంగ్లీషులోకి ఆ పేరు తమిళుల 'సురుట్టు' నుంచే వెళ్లింది.

రంగు విషయంలో నేను పొరబడ్డాను. నల్లగా ఉన్న మదూరో ఘాటుగా ఉంటుందని, మామయ్యకు అదే నచ్చుతుందని అడిగాను. పై ఆకు ఎక్కువ కాలం పులియడం వల్ల ఆ రంగు వస్తుందని, దానితో రుచి తరచు కొంత తియ్యగా మారుతుందే తప్ప ఘాటు ఎక్కువగా లోపలి ఆకును బట్టే ఉంటుందని ఆయన వివరించారు. మొక్క పై భాగాన ఎండకు ముదిరిన లిహేరో ఆకు ఎంత కలిస్తే అంత ఘాటు. లేత రంగు క్లారో కూడా లోపల లిహేరో ఉంటే గట్టిగానే తగులుతుంది.

లోపం నిల్వలో ఉంది. సిగార్లకు 65 నుంచి 70 శాతం తేమ కావాలి. గాజు బీరువాలోని తేమ మీటరు 54 చూపుతున్నా ఎవరూ పట్టించుకోలేదు. ఇంటికొచ్చి చూస్తే నాలుగింటిలో ఒకదాని పై ఆకు సన్నగా చీలి, వేలితో నొక్కితే చిటపటమంది. వరంగల్ ఎండలకు ఈ నిర్లక్ష్యం అసలు పనికిరాదు. మరునాడు తీసుకెళ్లి చూపిస్తే వాదించకుండా మార్చి ఇచ్చారు. అదే సమయంలో వచ్చిన ఇద్దరు ఇంటర్ పిల్లలను, 18 ఏళ్లు నిండని వాళ్లకు అమ్మనని వెనక్కి పంపడం కూడా చూశాను.

కొనదలచినవారు బీరువాలోని మీటరు చూసి, సిగార్‌ను వేళ్ల మధ్య మెల్లగా నొక్కి, మెత్తగా లోపలికి దిగి తిరిగి లేస్తేనే డబ్బు ఇవ్వండి.