సొంత సైన్యమా, మిత్రుల అండా, అసలు సైన్యమే వద్దా: ఏది మేలు?

1939 శరదృతువులో సోవియట్ యూనియన్ తన పక్కనున్న నాలుగు చిన్న దేశాలను దాదాపు ఒకే మాట అడిగింది: మీ నేల మీద మా సైన్యానికి చోటివ్వండి అని. ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా సరేనన్నాయి. యుద్ధం తప్పితే చాలనుకున్నాయి. ఫిన్లాండ్ కాదంది. నవంబరు 30న దాని మీద బాంబులు పడ్డాయి. 105 రోజుల పోరులో సుమారు 25,000 మంది ఫిన్లాండ్ వాళ్లు చనిపోయారు. దాదాపు పదో వంతు భూమి పోయింది. 4 లక్షల మందికి పైగా జనం ఇల్లూ వాకిలీ వదిలేసి రావాల్సి వచ్చింది. ఆ చలికాలంలో చూసినవాళ్లకి మిగతా మూడు దేశాలే తెలివైన పని చేసినట్టు అనిపించి ఉండాలి. కానీ 1940 జూన్‌లో ఆ మూడింటినీ సోవియట్ సైన్యం ఆక్రమించింది, ఆగస్టుకల్లా తనలో కలిపేసుకుంది. వాటికి మళ్లీ స్వతంత్రం వచ్చింది 1991లో. ఫిన్లాండ్ మాత్రం భూమి పోగొట్టుకుంది గానీ దేశాన్ని పోగొట్టుకోలేదు.

దేశాల రక్షణ ఖర్చు గురించి చర్చ వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఈ నాలుగు దేశాల కథే. సైన్యం దండగ అనే మాట నేను ఒప్పుకోలేకపోవడానికి కారణం ఇది. ఎంత ఖర్చు పెడితే అంత భద్రం అనే మాటనూ ఒప్పుకోలేను, ఎందుకంటే ఆనాడు ఫిన్లాండ్ దగ్గర చెప్పుకోదగ్గ ట్యాంకులు గానీ విమానాలు గానీ లేవు.

సైన్యమే వద్దనుకున్న దారి ముందు చూద్దాం. 1948లో అంతర్యుద్ధం ముగిశాక కోస్టారికా నాయకుడు హోసే ఫిగెరెస్ సైన్యాన్ని రద్దు చేశాడు. 1949 రాజ్యాంగంలో దాన్ని రాసి పెట్టారు. రాజధానిలోని ఒక సైనిక బ్యారక్ మ్యూజియం అయింది. మిగిలిన డబ్బు చదువుకీ వైద్యానికీ పనికొచ్చింది. చుట్టుపక్కల దేశాల్లో సైన్యాలు ప్రభుత్వాలను కూలదోస్తుంటే అక్కడ అధికారం ఎన్నికలతోనే చేతులు మారింది. ఇది నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ. సైన్యం బయటి శత్రువు మీదకే కాదు, సొంత జనం మీదకీ తిరగగలదని గుర్తు చేస్తుంది కాబట్టి.

అయితే 1955లో నికరాగువా వైపు నుంచి సాయుధ దళాలు చొరబడినప్పుడు ఏం జరిగింది? అమెరికా ఖండాల దేశాల సంస్థ అడ్డుపడింది. అమెరికా నాలుగు యుద్ధ విమానాలను ఒక్కోటి ఒక డాలరుకి ఇచ్చింది. అంటే ఆ దేశానికి సైన్యం లేదు గానీ అండ ఉంది. పక్కనే నేల మీద ఆశపడే పెద్ద దేశం ఉన్నవాళ్లు ఈ దారి పట్టలేరు.

కాగితం మీది హామీల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. బెల్జియం తటస్థతకు 1839లో పెద్ద దేశాలన్నీ సంతకాలు పెట్టాయి. 1914లో జర్మన్ సైన్యం దాని మీదుగానే నడిచింది. 1994లో ఉక్రెయిన్ తన నేల మీది అణ్వాయుధాలు వదులుకోవడానికి ఒప్పుకుంది. దాని సరిహద్దుల్ని గౌరవిస్తామని బుడాపెస్ట్‌లో సంతకం చేసిన దేశాల్లో రష్యా కూడా ఉంది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఉక్రెయిన్‌లోని క్రిమియాను ఆ రష్యాయే లాక్కుంది.

ఇక కూటమి. అమెరికా, కెనడా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటోలో ఇప్పుడు 32 దేశాలున్నాయి. ఒకరి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే అనేది దాని ఒప్పందంలోని ఐదో ఆర్టికల్. దాన్ని ఇప్పటిదాకా ఒక్కసారే, 2001లో అమెరికా మీద దాడులు జరిగాక, అమల్లోకి తెచ్చారు. 1949 నుంచి సభ్యదేశమైన ఐస్‌లాండ్‌కి సొంత సైన్యమే లేదు. చిన్న దేశానికి ఇంతకంటే చవకైన రక్షణ దొరకదు. ఇందులో ఉన్న టెన్షన్ ఒకటే: మన ప్రాణం ఇంకో దేశపు ఓటర్ల మనసు మీద ఆధారపడి ఉంటుంది. వాళ్లు మారితే మన సరిహద్దు రాత్రికి రాత్రే బలహీనపడుతుంది. యూరప్‌కి ఈ సంగతి ఆలస్యంగా అర్థమైంది. 2014లో రక్షణ మీద జీడీపీలో 2 శాతం ఖర్చు పెట్టాలని లక్ష్యం పెట్టుకున్న కూటమి, 2025లో హేగ్‌లో దాన్ని 2035 నాటికి 5 శాతం చేయాలని ఒప్పుకుంది. అందులో 3.5 శాతం నేరుగా సైన్యానికి, మిగతాది రోడ్లు, వంతెనలు, సైబర్ రక్షణ లాంటి వాటికి.

ఈ శాతాల లెక్కే నన్ను కలవరపెడుతుంది. స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచమంతా సైన్యాల మీద పెట్టింది సుమారు 2.7 లక్షల కోట్ల డాలర్లు. అందులో మూడో వంతుకి పైగా అమెరికాదే. ఇంత డబ్బులో భద్రత ఎంత కొన్నాం? సౌదీ అరేబియా ఏళ్ల తరబడి సైన్యం మీద అత్యధికంగా ఖర్చు పెట్టే దేశాల్లో ఒకటి. 2019 సెప్టెంబరు 14న డ్రోన్లు, క్షిపణులు అబ్‌ఖైక్ చమురు కేంద్రాన్ని కొడితే, ఆ దేశపు చమురు ఉత్పత్తిలో సగం కొన్నాళ్లు ఆగిపోయింది. శాతం అనేది ఎంత ఖర్చయిందో చెబుతుంది, ఏం పనికొచ్చిందో చెప్పదు. జీతాలకీ పెన్షన్లకీ పోయిన డబ్బు, గోదాములో తూటాలుగా మారిన డబ్బు ఒకే లెక్కలో పడతాయి.

పైగా ఒకరి రక్షణ ఇంకొకరికి బెదిరింపులా కనిపిస్తుంది. 1906లో బ్రిటన్ డ్రెడ్‌నాట్ యుద్ధనౌకను దింపింది, జర్మనీ అలాంటివి కట్టడం మొదలెట్టింది, దానికి బ్రిటన్ ఇంకొన్ని కట్టింది. 1914 వచ్చేసరికి ఇద్దరి దగ్గరా నౌకలున్నాయి, ఇద్దరికీ భద్రత లేదు.

అందుకే నా ఓటు ఫిన్లాండ్ దారికి. అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం అయిపోయాక చాలా యూరప్ దేశాలు తప్పనిసరి సైనిక శిక్షణ ఎత్తేశాయి. స్వీడన్ కూడా 2010లో ఆపేసి, 2017లో మళ్లీ తెచ్చుకుంది. ఫిన్లాండ్ ఎప్పుడూ ఆపలేదు. చాలా ఏళ్లు జీడీపీలో 2 శాతం లోపే ఖర్చు పెడుతూ, అవసరమైతే 2,80,000 మందిని రంగంలోకి దించే ఏర్పాటు ఉంచుకుంది. పెద్ద భవనం కట్టాలంటే బాంబుల నుంచి తలదాచుకునే ఆశ్రయ గది ఉండాలని చట్టం చేసింది. ఇందులో పక్క దేశాన్ని భయపెట్టేది ఏముంది? ఆశ్రయ గదులతో ఎవరి మీదకీ దండెత్తలేరు. దండెత్తి వచ్చినవాడికి మాత్రం ఆ దేశం కొరకరాని కొయ్య.

ఆ బలం చేతిలో ఉంచుకునే 2023 ఏప్రిల్ 4న ఫిన్లాండ్ నాటోలో చేరింది. ఈ వరస నాకు ముఖ్యం అనిపిస్తుంది. ముందు తన కాళ్ల మీద నిలబడి, తర్వాత చేయి కలిపింది. అలాంటి దేశాన్ని కూటమి భారంగా చూడదు, రేపు కూటమి సడలినా ఆ దేశం ఒట్టి చేతులతో మిగలదు.

దీనికి డబ్బు కాని ఖర్చు ఒకటుంది. అక్కడ ప్రతి యువకుడూ 165 నుంచి 347 రోజులు శిక్షణకి ఇవ్వాలి, ఆయుధం పట్టనన్నవాళ్లు పౌర సేవ చేయాలి. పద్దెనిమిదేళ్ల పిల్లల జీవితంలోంచి తీసుకునే ఆ కాలం ఏ బడ్జెట్ పట్టికలోనూ పూర్తిగా కనిపించదు. ఆ పిల్లల్ని ముందు అడిగి ఒప్పించగలిగిన దేశానికే ఈ దారి కుదురుతుంది.